చార్టులో గుండె, ఆల్బమ్‌లో శాస్త్రవేత్త

ఫార్మేటివ్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోనే కాదు, దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేటల్లోనూ స్టేషనరీ షాపుల్లో రెండు రకాల కాగితాలకు గిరాకీ పెరుగుతుంది. ఒకటి మానవ శరీర వ్యవస్థల రంగుల చార్టు. రెండోది శాస్త్రవేత్తల బొమ్మల షీటు. చిన్న చిన్న గళ్లలో ముఖాలు, వాటి వెనక పుట్టిన సంవత్సరం, కనిపెట్టింది ఏమిటో రెండు ముక్కలు. చార్టు చూసి పిల్లలు థర్మాకోల్ మీద గుండెనో మూత్రపిండాన్నో గీసి రంగులేస్తారు. షీటులో బొమ్మలు కత్తిరించి ఆల్బమ్‌లో అతికిస్తారు. మొదటిది జీవశాస్త్రం ప్రాజెక్టు, రెండోది సమాచార సేకరణ. ఇరవై మార్కుల ఫార్మేటివ్ పరీక్షలో (ఎఫ్‌ఏ) ప్రాజెక్టు పనికి దక్కేది ఐదు. అందులో నాలుగో నాలుగున్నరో పడతాయి, చార్టు స్టాఫ్ రూమ్ బీరువా మీదికి చేరుతుంది.

పిల్లలు కాపీ కొడుతున్నారని, ఇంట్లోవాళ్లే చేసిపెడుతున్నారని, ఇప్పుడైతే ఫోన్‌ను అడిగి రాసేస్తున్నారని ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. అవి నిజమే. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. శరీరం గురించిన ప్రాజెక్టు, శాస్త్రవేత్త గురించిన ప్రాజెక్టు అసలు వేరువేరుగా ఎందుకున్నాయి? చార్టు మీద కనిపించే ప్రతి బాణం గుర్తు వెనక ఎవరికో వచ్చిన అనుమానం ఉంది, దాన్ని తీర్చుకోవడానికి పడ్డ పాట్లు ఉన్నాయి. ఆ అనుమానాన్ని తీసేసి జవాబు మాత్రం చార్టుకెక్కింది. ఆ పాట్లన్నీ తీసేసి ముఖం మాత్రం ఆల్బమ్‌కెక్కింది. రెండు ప్రాజెక్టులనూ ఒకటిగా చేయిస్తే పిల్లలకు పని పెరగదు, షాపు ఖర్చు తగ్గుతుంది. పైగా ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల పిల్లలకు దీనికి కావాల్సిన సరుకంతా చుట్టుపక్కలే దొరుకుతుంది.

మోడల్ చెప్పే అబద్ధాలు

మండల స్థాయి సైన్స్ ఫెయిర్‌కు వెళ్తే తప్పకుండా కనిపించే మోడల్ ఒకటుంది. అడుగు కోసేసిన కూల్‌డ్రింక్ సీసా, లోపల రెండు బెలూన్లు, వాటిని కలిపే పైపు, కింద బిగించి కట్టిన రబ్బరు. రబ్బరును కిందికి లాగితే లోపలి బెలూన్లు ఉబ్బుతాయి. "ఇది ఉదరవితానం, ఇవి ఊపిరితిత్తులు" అని పిల్లలు గడగడా చెప్పేస్తారు. మోడల్ మంచిదే. గాలి వచ్చి ఛాతీని పెంచుతుందని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. ఛాతీలో చోటు ముందు పెరిగి, లోపల పీడనం తగ్గి, అప్పుడు గాలి వస్తుందన్న అసలు సంగతిని ఈ సీసా కళ్లకు కట్టి చూపిస్తుంది.

అదే సీసా కొన్ని తప్పులు కూడా నేర్పుతుంది. ఛాతీకీ పొట్టకూ మధ్య కండరపు పొరలా ఉండే మన ఉదరవితానం మామూలుగా పైకి ఉబ్బి ఉండి, సంకోచించినప్పుడు చదునవుతుంది. సీసా కింది రబ్బరేమో మొదట చదునుగా ఉండి, లాగితే కిందికి ఉబ్బుతుంది. నిజమైన ఊపిరితిత్తులు ఛాతీ గోడకు ఆనుకునే ఉంటాయి, మధ్యలో పల్చటి ద్రవం పొర తప్ప ఖాళీ ఉండదు. సీసాలో బెలూన్లు ఖాళీలో వేలాడతాయి. సీసా గోడ కదలదు, మన పక్కటెముకలు పైకీ బయటికీ కదులుతాయి. జడ్జీలుగా వచ్చినవాళ్లు "ఎలా పనిచేస్తుంది?" అని అడుగుతారు. "ఇందులో మన ఒంటికి సరిపోనిది ఏమిటి?" అని అడిగేవాళ్లు అరుదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పిల్లకే ఉదరవితానం అర్థమైనట్టు.

రంగుల సంగతి కూడా ఇలాంటిదే. చార్టుల్లో ధమనులకు ఎరుపు, సిరలకు నీలం వేస్తారు. గుర్తుపట్టడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. కానీ ఒంట్లో నీలం రంగు 'చెడు రక్తం' పారుతుందని నమ్ముతూనే డిగ్రీ దాటేసినవాళ్లు కనిపిస్తారు. రక్తపరీక్షకు చేతి సిరలోంచి తీసిన రక్తం సిరంజిలో ముదురు ఎరుపుగా ఉండడం అందరూ చూసిందే. అయినా చార్టు మాటే నెగ్గుతుంది!

తువ్వాలతో చేసే ప్రయోగం

రక్తప్రసరణ పాఠంలో విలియం హార్వే పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఆల్బమ్‌లో అయితే గడ్డం ఉన్న ముఖం, కింద ఆయన పుస్తకం అచ్చయిన ఏడు '1628'. ఆయన చేసిన పనిని మాత్రం ఏ ఊళ్లోనైనా, ఏ ఖర్చూ లేకుండా మళ్లీ చేయొచ్చు.

పొలం పని చేసి చేతుల మీద నరాలు తేలిన మనిషి కావాలి. పల్లెలో అలాంటి చేతులకు కొదవ లేదు. మోచేతి పైన తువ్వాలను కాస్త గట్టిగా కట్టి, పిడికిలి నాలుగైదు సార్లు బిగించి వదలమంటే ముంజేతి మీద సిరలు ఉబ్బుతాయి. జాగ్రత్తగా చూస్తే ఆ సిర పొడవునా అక్కడక్కడ చిన్న ముడుల్లాంటివి కనిపిస్తాయి. అవే కవాటాలు. ఒక ముడికి కింద, మణికట్టు వైపు, సిరను వేలితో నొక్కి పట్టుకోవాలి. రెండో చేతి వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు, ముడి దాటేదాకా నిమిరితే మధ్యలో సిర ఖాళీ అయి చదునవుతుంది. పైన రక్తం నిండుగా ఉన్నా ఆ ముడి దాటి కిందికి రాదు. బలవంతంగా కిందికి నెట్టినా రాదు. నొక్కి పట్టిన కింది వేలు తీసేస్తే కిందినుంచి చటుక్కున నిండుతుంది. అంటే సిరలో రక్తం గుండె వైపే పోతుంది, వెనక్కి రాదు. తువ్వాలను ఒకటి రెండు నిమిషాలకు మించి ఉంచకూడదు, బీపీ, షుగర్ ఉన్న వృద్ధుల మీద చేయకపోవడమే మంచిది.

ఈ కవాటాలను హార్వే కనిపెట్టలేదు. ఇటలీలోని పాడువాలో ఆయనకు పాఠం చెప్పిన ఫాబ్రిషియస్ వాటిని ముందే వర్ణించాడు. కానీ రక్తం కాళ్లలోకి మరీ ఎక్కువగా దిగకుండా ఆపడానికి అవి ఉన్నాయని గురువు అనుకున్నాడు. శిష్యుడు చూసింది అదే ముడి, అడిగింది వేరే ప్రశ్న. ఆ తేడాను పిల్లలకు ఏ ఆల్బమూ చెప్పదు.

హార్వే రెండో ఆయుధం లెక్క. తిన్న తిండి కాలేయంలో రక్తంగా మారి, శరీరం దాన్ని ఖర్చు చేసేస్తుందని అప్పటిదాకా, ప్రాచీన వైద్యుడు గేలెన్ కాలం నుంచి, వైద్యులు నమ్మేవాళ్లు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఎంత రక్తం బయటికి వస్తుందో తక్కువలో తక్కువ అంచనా వేసి, దాన్ని కొట్టుకునే సంఖ్యతో హెచ్చించాడు హార్వే. ఈనాటి అంకెలతో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఆ లెక్క చేయగలరు. ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలు. నిమిషానికి ఐదు లీటర్లు, గంటకు మూడు వందల లీటర్లు. ఇంటికి నీళ్ల క్యాన్లు తెచ్చుకోవడం అలవాటైన నల్గొండ పిల్లలకు ఇది ఇట్టే అందుతుంది: గంటకు పదిహేను క్యాన్లు. గంటలో పదిహేను క్యాన్ల రక్తాన్ని ఏ తిండీ తయారుచేయలేదు. కాబట్టి ఉన్న ఐదు లీటర్లే తిరిగి తిరిగి వస్తూ ఉండాలి. ప్రసరణ అనే ఆలోచన ఈ హెచ్చవేతలోంచి పుట్టింది.

అయితే ధమనుల చివరి నుంచి సిరల మొదటికి రక్తం ఎలా చేరుతుందో హార్వే చూపలేకపోయాడు. ఆయన 1657లో చనిపోయాడు. 1661లో ఇటలీ వైద్యుడు మాల్పీజీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినిలో చూసి ధమనులను సిరలతో కలిపే రక్తకేశనాళికలను వర్ణించాడు. చార్టులో వలలాగా గీసిపారేసే ఆ సన్నటి గీతలు ముప్పై ఏళ్లకు పైగా ఖాళీ జాగాగానే ఉన్నాయి. ఆ ఖాళీ ఉన్నా సిద్ధాంతం నిలబడింది. ప్రాజెక్టులో రాయదగ్గ విషయం అంటే ఇదీ.

హైస్కూల్ ప్రాజెక్టుకు ఈ ఒక్కటి చాలు. అయినా వ్యవస్థకు ఒక మనిషిని వెతుక్కోవడం కష్టం కాదు. స్టెతస్కోపు కావాలంటే 1816లో కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి ఛాతీకి ఆనించిన ఫ్రెంచ్ వైద్యుడు లెనెక్ ఉన్నాడు. గరాటు, సైలైన్ పైపు ఉంటే తరగతి గదిలోనే గుండె చప్పుడు వినొచ్చు. జీర్ణవ్యవస్థకు అమెరికా సైనిక వైద్యుడు బ్యూమాంట్ ఉన్నాడు. 1822లో తుపాకీ దెబ్బ తగిలిన సెయింట్ మార్టిన్ అనే కూలీ కడుపుకు పడ్డ రంధ్రం పూర్తిగా మూసుకోలేదు. సిల్కు దారానికి తిండి ముక్కలు కట్టి ఆ రంధ్రంలోంచి జీర్ణాశయంలోకి దించి, ఏది ఎంతసేపట్లో కరుగుతుందో ఏళ్ల తరబడి చూశాడు బ్యూమాంట్. జీర్ణరసం పని రసాయనిక చర్య అని తేలింది. ఆ కూలీ ఒంటిని అలా వాడుకోవడం ఎంతవరకు న్యాయమన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న కూడా ప్రాజెక్టులో ఉండాల్సిందే.

హైదరాబాద్‌లో గుండెకూ ఊపిరికీ పోటీ

శాస్త్రవేత్తలంటే ఎక్కడో యూరప్‌లో పుట్టినవాళ్లన్న అభిప్రాయం ఆల్బమ్‌ల వల్ల బలపడుతోంది. మనవాళ్ల కోటా కింద సి.వి. రామన్, అబ్దుల్ కలాం తప్పనిసరి, ఎప్పుడైనా యల్లాప్రగడ సుబ్బారావు. కానీ శరీర వ్యవస్థల మీద ప్రపంచమంతా మాట్లాడుకున్న ఒక పెద్ద తగాదా హైదరాబాద్‌లో జరిగింది. దానికి డబ్బు పెట్టిన పాలకుడి పేరే పాలమూరుకు తర్వాత పెట్టారు.

1847లో స్కాట్లండ్‌లో సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా వాడకంలోకి తెచ్చాడు. మరుసటి ఏడాది జనవరిలోనే ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీసే చిన్న ఆపరేషన్‌లో క్లోరోఫాం కింద చనిపోయింది. అప్పటి నుంచి ప్రశ్న ఒకటే: క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా? మత్తు ఇచ్చే డాక్టర్ నాడి పట్టుకుని కూర్చోవాలా, ఊపిరి చూడాలా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూల్ అధిపతి ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముందు ఆగుతుందని గట్టిగా నమ్మాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సాయంతో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు హైదరాబాద్‌లో పనిచేశాయి. రెండోదానికి లండన్ వైద్య పత్రిక లాన్సెట్ తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు, ఆ ఖర్చు నిజాందే. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఊపిరి ఆగిన తర్వాతే గుండె ఆగుతుందని కమిషన్ తేల్చింది. ఆ మరుసటి సంవత్సరం, 1890లో, పాలమూరు మహబూబ్‌నగర్ అయింది.

కమిషన్ తేల్చినదానిలో సగమే నిజం. 1911లో గుడ్‌మన్ లెవీ, తక్కువ మోతాదు క్లోరోఫాంలో కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని పిల్లుల మీద ప్రయోగాలతో చూపించాడు. అంత డబ్బు, అంత శ్రమ, అన్ని జంతువుల ప్రాణాలు పెట్టినా జవాబు పూర్తిగా రాలేదు. అయినా ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న లారీ పట్టుదల మత్తుమందు వాడకంలో మంచి అలవాటునే నేర్పింది. శ్వాసవ్యవస్థ ఒక చార్టు, ప్రసరణవ్యవస్థ ఇంకో చార్టు అని విడదీసి చదివే పిల్లలకు, ఆ రెండింటిలో ఏది ముందు ఆగుతుందన్న ప్రశ్నతో ఎంత ప్రాజెక్టు చేయొచ్చు! లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూంజీ మత్తుమందు ఇచ్చే వైద్యంలో తొలి మహిళల్లో ఒకరు. బొమ్మల షీటులో ఆమె ముఖం వెతికినా దొరకదు.

రోనాల్డ్ రాస్ సంగతి కొంత మెరుగు, పేరు అందరికీ తెలుసు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమల కడుపు కోసి, జీర్ణాశయం గోడ మీద మలేరియా పరాన్నజీవి దశను రాస్ చూశాడు. కుట్టించుకున్నందుకు హుసేన్ ఖాన్‌కు దోమకో అణా ఇచ్చాడు. 1902లో నోబెల్ వచ్చింది రాస్‌కు. మనుషుల మలేరియాలో దోమ పాత్రను మొదటి నుంచి చివరి దాకా చూపింది మాత్రం ఇటలీలో గ్రాసీ బృందం. రాస్ కలకత్తాలో పూర్తి చేసింది పక్షుల మలేరియా చక్రం. రాస్ దోమలను కోసి చూసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ ట్రిప్పుకు వెళ్లే స్కూల్ బస్సులు జూపార్కుకు, బిర్లా ప్లానెటేరియానికి పోతాయి గానీ అటు తిరగవు.

రాస్‌ను బడి నీళ్ల డ్రమ్ములోకే తీసుకురావచ్చు. నీటి మీద, మలేరియా మోసే అనాఫిలిస్ దోమ లార్వా అడ్డంగా, నీటి మట్టానికి సమాంతరంగా పడుకుని ఉంటుంది. క్యూలెక్స్ దోమ లార్వా తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడుతుంది. కంటితోనే తేడా తెలుస్తుంది. క్యూలెక్స్ మోసేది బోదకాలు వ్యాధిని. బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి ఆశా కార్యకర్తలు మింగించే డీఈసీ మాత్ర నల్గొండ పల్లెలకు కొత్తేమీ కాదు. ఆ మందు అమెరికాలోని లెడర్లే సంస్థలో, యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన కాలంలో బయటికి వచ్చింది. మాత్ర చాలా ఇళ్లకు చేరింది, ఆ పేరు ఎన్ని ఇళ్లకు చేరిందో చెప్పలేం.

సుబ్బారావును 1895లో భీమవరంలో పుట్టారు, 1948లో పోయారు అని రాసి ఆపేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. పదో తరగతి శ్వాసక్రియ పాఠంలో వచ్చే, కణాలకు శక్తినందించే ఏటీపీని కండరం నుంచి వేరుచేసినవాళ్లలో ఆయన ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనిపెట్టాడు. దీన్ని పిల్లలకు చూపించాలంటే కబడ్డీ కోర్టు చాలు. రైడ్ ముప్పై సెకన్లు. అందులో చటుక్కున గీత దాటి తాకి వచ్చే మొదటి కొన్ని సెకన్ల పరుగుకు కండరం వాడుకునేది ముఖ్యంగా ఫాస్ఫోక్రియాటిన్ నిల్వనే. ఆ తర్వాత ఒళ్లు బరువెక్కడం ఆడేవాళ్లందరికీ తెలుసు. ఆటకు ముందు, రైడ్ అయిన వెంటనే, ఐదు నిమిషాల తర్వాత నాడి లెక్కపెట్టి పట్టిక రాస్తే కండరం, గుండె, ఊపిరి మూడూ ఒకే కాగితం మీదికి వస్తాయి.

తిండి విషయానికొస్తే పాలమూరు జొన్న రొట్టె కూడా లాన్సెట్‌కెక్కిందే. కూనూరు నుంచి హైదరాబాద్‌కు 1958లో తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా, జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో వచ్చే పెల్లాగ్రా జబ్బును పరిశీలించారు. ఎండ తగిలే చేతులు, మెడ మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు అవుతాయి. ముదిరితే మతి చలిస్తుంది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం వల్ల శరీరం నియాసిన్ అనే బి విటమిన్‌ను సరిగా తయారుచేసుకోలేకపోతోందని 1960లో వాళ్లు ప్రతిపాదించారు. ఈ వివరణ మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. పప్పు, పాలు, కూరలతో రొట్టె తిన్నవాళ్లకు భయం లేదు, వేరే ఏదీ కొనలేక జొన్న మీదే బతికినవాళ్లకే ముప్పు. ఇప్పుడు అదే జొన్న రొట్టె షుగర్ పేషెంట్ల డైట్‌గా పట్నం హోటళ్లలో కూర్చుంది.

జిల్లా పేరుతో ఒక పద్ధతి

అస్థిపంజరం చార్టు కింద 'ఎముకల సంఖ్య 206' అని ఎర్ర సిరాతో రాస్తారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు, నారాయణపురం మండలాల్లో ఈ చార్టు గీసే పిల్లల ఇళ్లలో, వీధిలో మెడ తిప్పలేని తాతలు, నడుము వంగిపోయిన అవ్వలు ఉంటారు. చార్టులోని ఎముకకూ ఆ ఎముకకూ మధ్య వంతెన వేసే ప్రాజెక్టు అరుదుగా కనిపిస్తుంది. తెలియక కాదు. రోజూ కళ్లముందున్నది సైన్స్ కిందికి వస్తుందని ఎవరూ అనుకోరు, అంతే.

ఈ ప్రాంతంలోని గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో రాతి పగుళ్లలో నీరు చాలాకాలం నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 1 దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఎముకలో, పంటిలో ఉండే హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఖనిజంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడ్ ఆక్రమిస్తుంది. కొద్దిగా అయితే పంటి పింగాణీ ఆమ్లానికి తట్టుకుంటుంది. పళ్లు తయారయ్యే వయసులో ఎక్కువైతే మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి ఎక్కువైతే ఎముక మందమెక్కుతుంది, కీళ్ల దగ్గరి స్నాయువులు గట్టిపడతాయి, వెన్ను బిగుసుకుంటుంది. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపే పని మూత్రపిండాలది. అంటే అస్థి, జీర్ణ, విసర్జక వ్యవస్థలు మూడూ ఒకే గ్లాసు నీళ్లలో కలుస్తాయి.

దీని వెనకున్న శాస్త్రవేత్తల కథ ఏ ఆల్బమ్‌కూ తీసిపోదు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో దంతవైద్యం మొదలుపెట్టిన మెకే అక్కడి పిల్లల పళ్లమీద గోధుమ మచ్చలు చూసి, కారణం నీళ్లేనని అనుమానించి, ముప్పై ఏళ్లు వెతికాడు. 1931లో అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ ఆ నీళ్లలో ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడు. ఇక్కడికి వస్తే, 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ తెచ్చే పళ్ల, ఎముకల జబ్బు) మీద వ్యాసం ప్రచురించాడు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి, ఫ్లోరోసిస్ ప్రాంతంలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్‌లో వర్ణించారు. 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి, నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని రూపొందించి దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ప్రపంచంలో నీటి శుద్ధి చదివే ఇంజనీర్లకు ఆ పేరుతోనే ఈ జిల్లా పరిచయం.

పటిక నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టుగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది. సున్నం ఆమ్లత్వాన్ని సరిచేసి ఆ తెట్టు దిగడానికి తోడ్పడుతుంది. రెండు బకెట్లు, కర్ర, గంటన్నర ఓపిక ఉంటే స్కూల్లో చేసి చూపించొచ్చు. ముందు, తర్వాత నీటిని పరీక్షించడానికి జిర్కోనియం–అలిజరిన్ రంగు చుక్కలు పనికొస్తాయి, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు పసుపు వైపు జారుతుంది. ఈ నీళ్లను తాగకూడదు. మోతాదు నీటి స్వభావాన్ని బట్టి మారుతుంది, ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అందుకే ఇంట్లో రోజూ చేసుకునే పనిగా ఇది నిలవలేదు, పైగా అడుగున దిగిన బురదను ఎక్కడ పోయాలన్నదీ తలనొప్పే. ఈ లోపాలు కూడా రాస్తేనే ప్రాజెక్టు.

'నీటిని మరిగించి తాగాలి' అన్న వాక్యం ఆరోగ్య చార్టులన్నింటిలో ఉంటుంది. క్రిములకు అది సరైన మందు. ఫ్లోరైడ్‌కు మాత్రం పూర్తిగా ఎదురు. నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది, గాఢత పెరుగుతుంది. చార్టు మీద రెండు వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే ఇలాంటి చిక్కులే వస్తాయి.

పళ్ల లెక్క

ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం నిరసనగా 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది పోటీకి దిగితే బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. 2016లో ప్రారంభమైన ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఈ గ్రామాల ట్యాంకులకెక్కడం మొదలైంది. ముదిరిన వెన్నును ఈ నీళ్లు నిటారుగా చేయలేవు. కొత్తగా వచ్చే పళ్లను మాత్రం కాపాడగలవు. పై ముందు పళ్ల పింగాణీ నాలుగైదేళ్ల వయసుకల్లా తయారైపోతుంది, ఆ పళ్లు ఏడెనిమిదేళ్లకు బయటికి వస్తాయి. ఆ తొలి ఏళ్లలో తాగిన నీళ్ల జాడ జీవితాంతం పంటి మీద ఉంటుంది. కాబట్టి 2009, 2010లో పుట్టినవాళ్ల ముందు పళ్లనూ, 2018 తర్వాత పుట్టినవాళ్ల ముందు పళ్లనూ పోల్చితే ఊరి నీళ్ల చరిత్ర బయటపడాలి. ఎంత పెద్ద సంస్థ అయినా చేయదగ్గ అధ్యయనం ఇది, హైస్కూల్ పిల్లలు కూడా చేయగలరు. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ లాంటి వేదికలు అడిగేది ఇలాంటి పనినే. బడి పిల్లల ఆలోచనలకు కేంద్రం సాయమిచ్చే ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన ఆలోచనకు వచ్చే పది వేల రూపాయలు మోటార్లకు, ఎల్‌ఈడీ బల్బులకే ఖర్చవ్వాలని నియమమేమీ లేదు.

చేసేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది మర్యాద. ఫ్లోరోసిస్ బాధితులను కెమెరాల ముందు నిలబెట్టడం ఈ జిల్లాలో దశాబ్దాలుగా జరుగుతున్నదే. బ్యూమాంట్ తన రోగితో రాయించుకున్న ఒప్పందం కాగితం లాంటిది కాకుండా, వద్దు అనే హక్కు నిజంగా ఉన్న అంగీకారం కావాలి. పేర్లు అక్కర్లేదు, ఫొటోలు అసలే వద్దు. పుట్టిన సంవత్సరం, మచ్చలు ఉన్నాయా లేవా, అంతే. మచ్చ ఫ్లోరైడ్‌దా, గుట్కాదా, గారా అన్నది పిల్లలు తేల్చలేరు. ప్రభుత్వ ఆసుపత్రి దంతవైద్యులు ఒక పూట బడికి వస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. తోటివాళ్ల ముందు నోరు తెరిపించి వెక్కిరింపులకు వదిలేస్తే మాత్రం ప్రాజెక్టు చేయకపోవడమే మేలు.

రెండోది పట్టికలో గళ్ల సంగతి. భగీరథ నల్లా ఉన్నా పప్పు ఉడకడం లేదనో, అలవాటు కొద్దీనో వంటకు బోరునీళ్లు వాడే ఇళ్లుంటాయి. క్యాను నీళ్లు తాగే ఇళ్లుంటాయి. అన్నింటికంటే పెద్ద చిక్కు వలసది. తల్లిదండ్రులు ముంబైకో, పుణెకో, హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకో పోయినప్పుడు పిల్లలు కూడా వెంట పోయారు, కొందరిని ఊళ్లో అవ్వ దగ్గర వదిలారు. తెల్లటి పళ్లున్న పదో తరగతి అమ్మాయి ముంబై దగ్గరి భివండిలో పెరిగి ఉండొచ్చు. మచ్చలున్న మూడో తరగతి పిల్లవాడు నల్లా రాని తండాలో ఉండి ఉండొచ్చు. అందుకే పుట్టిన సంవత్సరం పక్కన 'ఐదేళ్లు నిండేదాకా ఎక్కడ ఉన్నారు, ఏ నీళ్లు తాగారు' అన్న గడి తప్పనిసరి. దాన్ని నింపాలంటే పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మనో అవ్వనో అడిగి రావాలి. స్టేషనరీ షాపులో ఈ సమాచారం దొరకదు, ఫోన్ కూడా చెప్పలేదు.